స్లైడు నీడలో ఉన్న బొమ్మను ఇంటి స్కానర్‌తో బయటికి తీయడం

ప్రశ్న: మా నాన్నగారు తొంభైల్లో లేపాక్షిలో తీసిన స్లైడ్లు (తెర మీద వేసి చూసే పాజిటివ్ ఫిల్మ్ ముక్కలు) 300 దాకా ఉన్నాయి. ఎక్కువ భాగం ఫ్యూజీ వెల్వియా ఫిల్మ్, ఓ 40 మాత్రం అట్ట ఫ్రేముల్లో ఉన్న కోడక్ వారి కోడాక్రోమ్ ఫిల్మ్. వాటి కోసమే ఎప్సన్ వి600 స్కానర్ కొన్నాను. లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తే నాట్య మండపం పైకప్పు మీది చిత్రాలు చక్కగా కనిపిస్తాయి. స్కాన్ చేస్తే ఆ భాగమంతా నల్లటి ముద్ద. కాస్త వెలుగు పెంచితే ఎర్రటి, పచ్చటి చుక్కలు లేస్తాయి, స్తంభాల మధ్య ఆకాశం తెల్లగా పాలిపోతుంది. నల్లటి చోట ఒక సన్నగీత కూడా పడుతోంది. కోడాక్రోమ్‌లు నీలంగా వస్తున్నాయి. కొన్నిటికి బూజు పట్టింది. ఇంకా మంచి స్కానర్ కొనాలా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినవాటిలో సగం స్కానర్ చేతగానితనం కాదు, స్కానర్ ప్రోగ్రామ్ మీకు మేలు చేయబోయి చేస్తున్న చెరుపు. ఆ సగాన్ని సరిచేశాక కూడా లొంగనివి కొన్ని మిగులుతాయి. వాటికి కూడా కొత్త స్కానర్ కంటే చౌకైన దారి ఉంది, చివర్లో చెబుతాను.

ముందు ఆ నలుపు ఎందుకు వస్తోందో చూద్దాం. స్లైడును చేసింది చీకటి గదిలో తెర మీద వేసి చూడడానికి. చుట్టూ చీకటిగా ఉంటే ఏ బొమ్మైనా కంటికి కాంట్రాస్టు తగ్గి చప్పగా అనిపిస్తుంది. ఆ లోటు తీర్చడానికి ఫిల్మ్‌లోనే కాంట్రాస్టు ఎక్కువ పెట్టారు. 1990లో వచ్చిన వెల్వియాలో అది మరీ ఎక్కువ. ఎండలో మెరిసే ఆకాశం దాదాపు ఖాళీ ఫిల్మ్‌లా ఉంటుంది, మండపం లోపలి నీడ తారు పూసినట్టు ఉంటుంది.

దీన్ని సాంద్రత అనే లెక్కలో కొలుస్తారు. సాంద్రత 1 అంటే పడిన వెలుతురులో పదో వంతు దాటి వస్తుంది, 2 అంటే వందో వంతు, 3 అంటే వెయ్యో వంతు. వెల్వియా గాఢమైన నలుపు 3.6 దరిదాపుల్లో ఉంటుంది, అంటే దాటి వచ్చేది సుమారు నాలుగు వేలో వంతు. కెమెరా స్టాపుల్లో (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) చెప్పాలంటే 12. రంగు నెగటివ్‌లో దట్టమైన చోటు కూడా మామూలుగా 2.5 లోపే ఉంటుంది. అందుకే ఇదే స్కానర్ మీద పెళ్లి నెగటివ్‌లు హాయిగా వస్తాయి, స్లైడ్లు మొరాయిస్తాయి. వి600కు తయారీదారు చెప్పే గరిష్ఠ సాంద్రత 3.4. వాడకంలో అంత కూడా అందదు. చిట్టచివరి నీడల్లో సెన్సర్‌కు చేరే వెలుతురు కన్నా సెన్సర్ సొంత గోలే (నాయిస్) ఎక్కువైపోతుంది. మీరు చూసిన ఎర్ర, పచ్చ చుక్కలు ఆ గోలే.

కాబట్టి పనిలో దిగేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి: స్కాన్ చేసేటప్పుడు బొమ్మ అందంగా రావాలని చూడకూడదు. ఫిల్మ్‌లో ఉన్నదంతా, ఆకాశం నుంచి నీడ దాకా, ఎక్కడా తెగిపోకుండా ఫైల్లోకి దించుకోవడమే స్కానింగ్. వచ్చిన ఫైలు చప్పగా, చీకటిగా ఉంటే కంగారు పడకండి. అందం తరవాత, తీరిగ్గా దిద్దుకోవచ్చు. ఎప్సన్ స్కాన్ ప్రోగ్రామ్‌ను దాని మానాన వదిలేస్తే ప్రివ్యూ వేయగానే ఇటు నలుపును, అటు తెలుపును కోసేసి, తెరమీద ముచ్చటగా కనిపించే బొమ్మను చేతిలో పెడుతుంది. అప్పుడు పోయినది మళ్లీ రాదు.

సెట్టింగులు ఇలా పెట్టండి. మూత లోపల ఉన్న తెల్లటి మ్యాట్‌ను జారదీసి పక్కన పెట్టండి. అది ఉంటే వెనక నుంచి వెలుతురు రాదు. స్లైడు హోల్డర్‌లో నాలుగు పడతాయి. మెరిసే వైపు కిందికి, అంటే గాజు వైపు ఉండాలి. కోడక్ అట్ట ఫ్రేముల మీద ‘తెర వైపు’ అని అచ్చేసిన పక్క ఎమల్షన్‌ది (బొమ్మ ఉండే పూత), అది పైకి రావాలి. ప్రోగ్రామ్‌లో ప్రొఫెషనల్ మోడ్, ఫిల్మ్ రకం పాజిటివ్, ఇమేజ్ రకం 48-బిట్ కలర్, ఫైలు టిఫ్. అన్‌షార్ప్ మాస్క్, కలర్ రెస్టొరేషన్, బ్యాక్‌లైట్ కరెక్షన్, గ్రెయిన్ రిడక్షన్ అన్నీ తీసేయండి.

48-బిట్ ఎందుకో ఒక్క లెక్కతో తేలుతుంది. మామూలు 24-బిట్ ఫైల్లో ఒక్కో రంగుకు 256 మెట్లు. 2.2 గామాతో (ఫైల్లో వెలుగును మెట్లుగా పంచే మామూలు లెక్క) చూస్తే సాంద్రత 3.0 ఉన్న నీడ 11వ మెట్టు దగ్గర కూర్చుంటుంది, సాంద్రత 3.6 ఉన్న నీడ 6వ మెట్టు దగ్గర. మీ పైకప్పు చిత్రాలన్నీ ఈ రెంటి నడుమ ఉన్నాయనుకోండి, రెండు స్టాపుల బొమ్మకు మిగిలింది ఐదారు మెట్లు. వాటిని సాగదీస్తే రంగులు పలకలు పలకలుగా విడిపోక ఏం చేస్తాయి? 48-బిట్‌లో అదే చోట వెయ్యికి పైగా మెట్లు ఉంటాయి. జెపెగ్‌గా దాస్తే ఇదంతా వృథా, ఎందుకంటే జెపెగ్ 24-బిట్టే.

ఇక ప్రివ్యూ. థంబ్‌నెయిల్ ప్రివ్యూ వద్దు, నార్మల్ ప్రివ్యూ పెట్టుకుని స్లైడు చుట్టూ పెట్టె మీరే గీయండి. ఆ పెట్టె అంచు బొమ్మ లోపలే, ఫ్రేము నలుపు తగలకుండా ఉండాలి. లేకపోతే ఆ నలుపును కూడా లెక్కేసుకుని ప్రోగ్రామ్ దారి తప్పుతుంది. తరవాత హిస్టోగ్రామ్ (ఏ వెలుగులో ఎన్ని చుక్కలున్నాయో గుట్టలా చూపే గ్రాఫు) తెరవండి. ఎడమ వైపు నలుపు పిన్నును పూర్తిగా 0 దగ్గరికి లాగండి. కుడి వైపు తెలుపు పిన్నును గుట్ట చివరి నుంచి ఇంకాస్త బయటికి జరపండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా చూడాలి. మొత్తం గ్రాఫు బాగున్నట్టే ఉండి వెల్వియాలో ఎరుపు ఒక్కటే గోడకు గుద్దుకుని ఉండొచ్చు. కుంకుమ రంగు చీర, సాయంత్రపు ఎండ పడిన రాతి గోడ ఇలాంటివాటిలో ఇది తరచూ జరుగుతుంది. మేఘంలో అన్నిటికన్నా తెల్లటి చోట కర్సర్ పెడితే అంకె 245, 250 మధ్య ఉండాలి. 255 చూపిస్తే అక్కడ బొమ్మ లేదు, ఉత్త తెలుపే.

ఈ ప్రోగ్రామ్‌లో వెలుగు పెంచే స్లైడరు సెన్సర్‌ను ఎక్కువసేపు చూడమని చెబుతోందా, లేక చూసేసిన దాన్ని హెచ్చవేస్తోందా? ఇది మీరే తేల్చుకోవచ్చు. ఒకే స్లైడును రెండుసార్లు స్కాన్ చేయండి, ఒకటి మామూలుగా, ఒకటి వెలుగు బాగా పెంచి. తరవాత మొదటిదాన్ని ఫొటోషాప్‌లోనో గింప్‌లోనో రెండోదానంత వెలుగుకు తెచ్చి, నీడ భాగాన్ని రెండు రెట్లు పెద్దది చేసి పక్కపక్కన చూడండి. చుక్కల గరుకు రెంటిలోనూ ఒకేలా ఉంటే స్లైడరు చేసింది ఉత్త గుణకారమే. అలాంటప్పుడు నీడకొకటి, ఆకాశానికొకటి స్కాన్ తీసి కలపడం వల్ల ఒరిగేది లేదు. వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ లాంటి ప్రోగ్రామ్‌లలో మల్టీ ఎక్స్‌పోజర్ అనే ఆప్షన్ మీ స్కానర్‌కు కనిపిస్తే దాన్నీ ఇదే పరీక్షతో చూడండి. అది రెండోసారి ఎక్కువసేపు చదువుతుంది గనక నీడల్లో తేడా కనిపించాలి. ఒక చిక్కుంది. రెండుసార్లు నడిచేటప్పుడు స్కానర్ తల వెంట్రుకవాసి పక్కకు పోయినా స్తంభాల అంచులు రెండుగా కనిపిస్తాయి. అంచులు చూడకుండా సంతోషపడకండి.

గరుకు తగ్గించడానికి అన్ని స్కానర్లలోనూ పనిచేసే పద్ధతి సగటు. స్లైడును కదపకుండా, సెట్టింగులు మార్చకుండా నాలుగుసార్లు స్కాన్ చేయండి. నాలుగు ఫైళ్లను లేయర్లుగా ఒకదానిమీద ఒకటి పేర్చి, కింది నుంచి పైకి ఒపాసిటీ (పై లేయరు కిందిదాన్ని ఎంత కప్పుతుందో చెప్పే అంకె) 100, 50, 33, 25 శాతం పెట్టండి. అది నాలుగింటి సగటు అవుతుంది. చుక్కలు ఒక్కోసారి ఒక్కోచోట పడతాయి కాబట్టి సగటులో సగానికి తగ్గుతాయి. నాలుగో వంతుకు తేవాలంటే 16 స్కాన్లు కావాలి. అంత ఓపిక ఒకటి రెండు అపురూపమైన స్లైడ్లకే పెట్టుకోండి.

రిజల్యూషన్ విషయంలో కూడా ఇదే సూత్రం అక్కరకొస్తుంది. స్కానర్ వచ్చిన అట్టపెట్టె మీద 6400 అని ఉంటుంది గాని, వి600 కటకం నిజంగా విడదీసి చూపేది అంగుళానికి 1600 చుక్కల లోపే. 6400లో తీస్తే ఫైలు లావవుతుంది తప్ప బొమ్మ పెరగదు. 3200లో తీసి, దిద్దుబాటంతా అయ్యాక సగానికి కుదించండి. నాలుగు చుక్కలు (పిక్సెళ్లు) ఒకటవుతాయి, వాటితో పాటు గరుకూ తగ్గుతుంది. 3200లో 48-బిట్ ఫైలు ఒక్కో స్లైడుకు సుమారు 82 ఎంబీ, 300 స్లైడ్లకు 25 జీబీ లోపు. కుదించాక వచ్చే 2267 × 1512 చుక్కలతో 9 × 6 అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది.

మీరు చెప్పిన సన్నగీత సంగతి. స్లైడును హోల్డర్‌లో పావు వంతు తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. గీత బొమ్మతో పాటు తిరిగితే అది ఫిల్మ్ మీది గాటు. బొమ్మ తిరిగినా గీత మాత్రం స్కానర్ తల నడిచే దిశలోనే ఉండిపోతే తప్పు స్కానర్‌ది. ఎక్కువసార్లు కారణం ఒక్కటే: హోల్డర్ పై చివర ఖాళీగా వదిలిన సందులో గాజు మీద ఒక నలుసు. ప్రతి స్కాన్‌కు ముందు స్కానర్ ఆ సందులోంచి దీపాన్ని చూసి, సెన్సర్‌లో ఏ చుక్కకు ఎంత వెలుతురు వస్తుందో కొలుచుకుంటుంది. అక్కడ నలుసు ఉంటే ఆ చుక్కకు దీపం మసకగా ఉందని అనుకుని, స్కాన్ పొడవునా దాన్ని పెంచుతూ పోతుంది. నీడల్లో అది గీతై తేలుతుంది. సగటు పద్ధతికి ఇది లొంగదు, ప్రతిసారీ అదే చోట పడుతుంది కదా. ఆ సందును మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, గాలి బుడ్డితో ఊదితే చాలు.

నీడలను చంపేది ఇంకొకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. అది చెదిరిన వెలుతురు. ఆకాశంలోంచి దూసుకొచ్చే వెలుతురు గాజులో, కటకంలో చెదిరి పక్కనున్న నీడ మీద పల్చటి పాలపొరలా పడుతుంది. స్తంభం అంచు దగ్గర నలుపు బూడిద రంగులోకి తిరిగి ఉంటే ఇదే కారణం. నల్లటి మందపాటి కాగితంలో స్లైడు కొలతకు కన్నాలు కోసి, మిగతా గాజంతా దానితో కప్పండి. పైన చెప్పిన సందును మాత్రం మూయకండి, మూస్తే రంగులన్నీ తలకిందులవుతాయి. హోల్డర్‌లో ఖాళీ గడులు ఉంటే వాటినీ నల్లకాగితంతో మూయండి. గాజు లోపలి వైపు పొగ పట్టినట్టు ఉంటే అది పైనుంచి తుడిస్తే పోదు. స్కానర్ విప్పడం అలవాటున్న మెకానిక్ చేత తీయించాలి.

ఫోకస్ కూడా చూసుకోవాలి. వి600లో ఫోకస్ స్థిరం, మనం మార్చలేం. మార్చగలిగింది స్లైడు ఎత్తు ఒక్కటే. మామూలు 80 జీఎస్ఎం కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. హోల్డర్ నాలుగు మూలల కింద రెండేసి, తరవాత నాలుగేసి, ఆరేసి కాగితం ముక్కలు పెట్టి ఒకే స్లైడు స్కాన్ చేసి, శిల్పం అంచును పోల్చి చూడండి. హోల్డర్ లేకుండా ఫ్రేమును నేరుగా గాజు మీద పెట్టి కూడా ఒకటి తీయండి. ఏ ఎత్తులో పదునుగా ఉందో ఒకసారి తెలిస్తే ఆ ముక్కలు హోల్డర్‌కే అంటించేయండి. అట్ట ఫ్రేముల్లో ఫిల్మ్ మధ్యలో ఉబ్బి ఉంటుంది కాబట్టి మధ్యకూ మూలకూ కొంత తేడా తప్పదు.

కోడాక్రోమ్‌ను ఒక విడి కులంగా చూడాలి. దుమ్ము తీసే డిజిటల్ ఐస్ పరారుణ కిరణాలతో పనిచేస్తుంది. వెల్వియా లాంటి ఫిల్మ్‌ల రంగులు ఆ కిరణాలను అడ్డుకోవు, నలుసు అడ్డుకుంటుంది, అలా నలుసు ఎక్కడుందో దొరుకుతుంది. కోడాక్రోమ్ రంగులు ఆ కిరణాలను కొంత పీల్చుకుంటాయి. దాంతో ముదురు నీడ అంచును కూడా ప్రోగ్రామ్ దుమ్ము అనుకుని చెరిపేస్తుంది, శిల్పాల అంచులు నలిగిపోతాయి. వెండితో బొమ్మ కట్టే నలుపు తెలుపు ఫిల్మ్‌కూ ఇది పనికిరాదు. కాబట్టి వెల్వియాకు ఐస్ పెట్టుకోండి, కోడాక్రోమ్‌కు తీసేయండి. ఫ్రేము మీద పేరు చెరిగిపోతే స్లైడును కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని ఎమల్షన్ వైపు చూడండి. బొమ్మ గీతలు చెక్కినట్టు ఎత్తుపల్లాలుగా కనిపిస్తే అది కోడాక్రోమే. నీలం ఛాయ కూడా ఫిల్మ్ తప్పు కాదు. మిగతా స్లైడు ఫిల్మ్‌లకు తగ్గట్టు కట్టిన రంగుల లెక్కను దీనికి వాడడం వల్ల వచ్చేది. ఒక స్లైడులో బూడిద రంగు రాతిని చూసి కర్వ్స్‌లో (ఫొటోషాప్, గింప్‌లలో వెలుగునూ రంగునూ ఒక వంపుగీతతో దిద్దే పనిముట్టు) నీలం తగ్గించండి. ఆ దిద్దుబాటును దాచి మిగతా 39కి కూడా వేసి చూస్తే చాలావరకు సరిపోతుంది.

ఫైలు చేతికొచ్చాక నీడలు ఎత్తే పని. కర్వ్స్‌లో పై సగాన్ని రెండు మూడు చుక్కలతో బిగించి, కింది కొసను మాత్రమే మెల్లగా ఎత్తండి. రంగు చుక్కలను తగ్గించే నాయిస్ ఫిల్టర్‌ను మాస్క్ వేసి (మిగతా బొమ్మను కప్పేసి) నీడ భాగానికే పరిమితం చేయండి. పైకప్పు చిత్రాల్లో కాషాయం, ఆకుపచ్చ విడిగా తెలిసిన చోటే ఆగండి. నీడ నీడగానే ఉండాలి. మండపం లోపల కూడా బయట ఉన్నంత వెలుతురు చూపిస్తే మీ నాన్నగారు నిలబడి చూసిన చోటు అది కాకుండా పోతుంది.

ఇంతా చేసినా కొన్ని స్లైడ్లు లొంగవు. అలాంటి స్లైడును గట్టి లైటు ముందు పెట్టి, ఆకాశం భాగాన్ని నల్లకాగితంతో మూసి, భూతద్దంతో నీడలోకి చూడండి. మీ కంటికీ ఏమీ కనిపించకపోతే ఫిల్మ్ మీద అక్కడ బొమ్మ పడలేదు, ఎంత ఖరీదైన స్కానర్ అయినా లేనిది తేలేదు. కనిపిస్తే మాత్రం దాన్ని కెమెరాతో తీయించండి. 1:1 మాక్రో లెన్స్ (చిన్న వస్తువును దగ్గరగా, అసలు కొలతలో తీసేది) ఉన్న డిజిటల్ కెమెరా, సీఆర్ఐ (దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95కు తగ్గని ఎల్ఈడీ పలక, గట్టి స్టాండు ఉంటే చాలు. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/8, రా ఫార్మాట్ (కెమెరా దిద్దని ఫైలు). ఆకాశానికి సరిపోయే ఎక్స్‌పోజర్ ఒకటి, దానికి రెండు స్టాపులు, నాలుగు స్టాపులు ఎక్కువగా మరో రెండు తీసి కలపాలి. ఇక్కడ సెన్సర్ నిజంగానే ఎక్కువసేపు చూస్తుంది, అందుకే వి600 వదిలేసిన నీడలు ఇందులో దొరుకుతాయి. తెలిసినవాళ్ల దగ్గర ఆ లెన్స్ ఉంటే ఒక్క పూటకు అడిగి తెచ్చుకున్నా మీ పని అయిపోతుంది.

బూజు పట్టినవాటిని మాత్రం అన్నిటికన్నా ముందు వేరు చేసి వేరే డబ్బాలో పెట్టండి, మంచివాటి పక్కన ఉంచకండి. నీళ్లు తగలనివ్వకండి, నోటితో ఆవిరి ఊదకండి. బూజు తిన్న జిలటిన్ నీళ్లలో కరిగిపోతుంది, తుడిస్తే బొమ్మే గుడ్డకు అంటుకుని వస్తుంది. ముందు ఉన్నదున్నట్టు ఒక స్కాన్ తీసి పెట్టుకోండి. ఆ తరవాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నూగు రాలని గుడ్డకు తడిపీ తడపనట్టు అద్ది, అంతగా అక్కర్లేని ఒక స్లైడు మూల మీద ఒకే దిశలో తుడిచి చూడండి. రంగు ఊడకపోతే మిగతావాటికి వెళ్లండి. ఎమల్షన్‌లోకి వేళ్లు దిగిన మచ్చలు ఇలా పోవు, వాటిని ఫైల్లో చెరపాల్సిందే. కాకినాడ గాలిలో తేమకు బూజు మళ్లీ రాకుండా గాలి దూరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో దాచండి, చిన్న తేమ మీటరు కూడా అందులో పడేయండి. అది 50 శాతం దాటినప్పుడల్లా పొట్లాలు మార్చాలి. వానాకాలంలో మాత్రం వారానికోసారి చూడండి.